తుపాకి నాన్నది... లైసెన్సు ఎవరిది?

నాన్న పోయాక ఇంట్లో వాటాలకొచ్చే వస్తువులేమిటో అందరికీ తెలిసినవే. ఊళ్లో పొలం, బ్యాంకులో డిపాజిట్లు, అమ్మ బంగారం, పాత స్కూటరు. పొలానికి పాసు పుస్తకం ఉంటుంది. డిపాజిట్లకు నామినీ ఉంటాడు. బంగారానికి అమ్మ మాట ఉంటుంది. కొన్ని ఇళ్లలో మాత్రం వీటన్నిటి వెనకా, బీరువా పైన, పాత దుప్పట్లో చుట్టి ఇంకొకటి కూడా ఉంటుంది. తాతల నాటి తుపాకి. దానికి వాటా అడిగేవాళ్లుండరు. అలాగని వద్దనేవాళ్లూ ఉండరు. 'ఉండనీ, నాన్న గుర్తు' అని మళ్లీ దుప్పటి చుట్టేస్తారు.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అమీర్‌పేటలో, పంజగుట్టలో తుపాకులేమిటి, అక్కడున్నవి కోచింగ్ సెంటర్లూ చీరల దుకాణాలే కదా అనిపించవచ్చు. మైత్రీవనం దగ్గర ఆ బోర్డుల అడవి కింద నిలబడితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఆ పేట పేరులో ఉన్న 'అమీర్' ఎవరు? నిజాముల కొలువులో పాయెగాలని ఒక వంశం ఉండేది. సొంతంగా సైన్యాన్ని పోషించే హక్కున్న జాగీర్దార్లు. అమీర్-ఎ-కబీర్ అన్నది వాళ్ల బిరుదు. అమీర్‌పేటకు ఆ పేరు అందువల్లే వచ్చిందంటారు. పక్కనే బేగంపేటలో వాళ్ల ప్యాలెస్ ఉంది. 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ నడిచింది అందులోనే. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని వీసా కోసం అక్కడ క్యూ కట్టిన కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఒకప్పుడు అదంతా సిపాయిల యజమానుల నేల. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీకీ ఆ పేరు ఊరికే రాలేదు. ఫ్రెంచి సేనాని రేమాండ్ 1795లో అక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. పాతబస్తీ పెద్దలు దాన్ని ఇంకా 'తోప్ కా సాంచా' అనే అంటారు.

నవాబుల ఆయుధాలు చాలావరకు అద్దాల వెనక్కి చేరాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో, చౌమహల్లాలో పిల్లలకు చూపించవచ్చు. ఫ్లాట్లలో దుప్పట్లు కప్పుకున్న తుపాకులు అవి కావు. ఇవి ఊళ్ల నుంచి వచ్చినవి. తెలంగాణలో దేశ్‌ముఖ్‌లు, పటేళ్లు, కోస్తాలో జమీందార్లు, మోతుబరి రైతులు... వీళ్ల ఇళ్లలో ఎక్కువగా ఉండేది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. అడవి పందుల నుంచి చేను కాపాడుకోవడానికి అన్నది కాగితం మీద కారణం. అసలు కారణం హోదా. వెబ్లీ అండ్ స్కాట్ అనో, గ్రీనర్ అనో బర్మింగ్‌హామ్ కంపెనీ పేరు చెక్కి ఉంటే ఆ ఇంటి మర్యాద ఇంకో మెట్టు పైన. దసరానాడు నాగలితో పాటు దానికీ బొట్టు పెట్టి పూజ చేసేవారు.

ఆ మర్యాదే మీదకొచ్చిన రోజులూ ఉన్నాయి. 1946-51 సాయుధ పోరాటంలో దళాలు గడీల మీద పడ్డప్పుడు చెయ్యి ముందు పడింది తుపాకుల మీదే. తర్వాత నక్సలైట్ల కాలంలోనూ అదే కథ. ఇంట్లో తుపాకి ఉందన్న కబురు చాలు, రాత్రిపూట తలుపు తట్టడానికి. కొందరు ఠాణాలో అప్పగించి రసీదు తీసుకున్నారు. కొందరు పెట్టేబేడాతో పాటు పట్నం తెచ్చుకున్నారు. సంజీవరెడ్డి నగర్‌లో, అమీర్‌పేటలో, పంజగుట్టలో ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. పెంకుటింటి గోడ మీద దర్జాగా వేలాడిన తుపాకి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో బీరువా మీదికెక్కింది.

వాడకమూ పోయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట సన్నగిల్లింది. 1991 సవరణతో దాదాపు పూర్తిగా మూతపడింది. తుపాకి తరతరాలుగా చేతిలోనే ఉన్న ఇళ్లు హైదరాబాద్‌లో ఎక్కడో ఒకటీ అరా. నవాబ్ షఫత్ అలీ ఖాన్ పేరు చాలామంది విని ఉంటారు. మనుషుల్ని చంపే పులుల్ని, ఏనుగుల్ని అదుపు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వాలు పిలిపించుకునే హైదరాబాదీ. తాత కూడా వేటగాడే. 2018 నవంబరు 2 రాత్రి మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో 'అవని' అనే ఆడపులిని కాల్చింది ఆయన కొడుకు అస్గర్ అలీ ఖాన్. ఆ పులిని చంపాల్సిందేనా, చంపిన పద్ధతి సరైనదేనా అని దేశమంతా వాదించుకుంది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ విచారణకు కమిటీనే వేసింది. తాతల కాలంలో షికారుకెళ్లి పులిని పడగొడితే పక్కన నిలబడి ఫొటో తీయించుకునేవారు. మనవడి కాలానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. తుపాకి తరం మారినప్పుడు దాని చుట్టూ ఉన్న లోకం కూడా మారుతుంది కదా.

మామూలు ఇళ్ల సంగతికి వద్దాం. ఇలాంటి కుటుంబాన్ని ఒకదాన్ని ఊహించుకోండి. పెద్దాయన ఎనభై దాటాక కన్నుమూశారు. పెద్దకొడుకు డల్లాస్‌లో. కూతురు అమీర్‌పేటలోనే, తల్లికి రెండు వీధుల అవతల. పదకొండో రోజు అయ్యింది, బంధువులు వెళ్లిపోయారు.

"అన్నయ్యా, ఆ తుపాకి సంగతేంటి?"

"ఇప్పుడా గొడవెందుకే. ఉండనీ. బాపు గుర్తు కదా."

"లైసెన్సు రెన్యువల్ ఎప్పుడో తెలుసా?"

"అవన్నీ బాపుకే తెలుసు."

పక్క గదిలోంచి తల్లి అందుకుంటుంది. "పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన ఇల్లు కాదమ్మా మనది. ఇప్పుడు కొత్తగా ఎక్కుతామా?"

ఈ నాలుగు మాటలూ చాలా ఇళ్లలో వినబడేవే. ముగ్గురి మాటా న్యాయంగానే తోస్తుంది. చట్టం మాత్రం వేరే మాట చెబుతుంది.

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి కూడా ఆస్తే. వారసులకు దాని మీద హక్కుంటుంది. కానీ దాన్ని దగ్గర ఉంచుకోవడానికిచ్చిన అనుమతి ఉందే, అది ఒక్క మనిషికి ఇచ్చింది. ఇంటికీ వంశానికీ ఇచ్చింది కాదు. ఆ మనిషితోనే అదీ పోతుంది. పంజగుట్ట శ్మశానవాటిక నుంచి తిరిగొచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కునే వేళకు, బీరువా మీదున్నది లైసెన్సు లేని తుపాకి. అలాంటి దాన్ని 'అనవసర జాప్యం లేకుండా' దగ్గరలోని ఠాణాలో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలని 21వ సెక్షన్ చెబుతుంది. ఇన్ని రోజులని చెప్పలేదు. పన్నెండు రోజుల మైల గురించి ఏ అధికారీ పేచీ పెట్టకపోవచ్చు. పన్నెండేళ్లయితే మాత్రం 'బాపు గుర్తు' అన్న జవాబు కోర్టులో నిలవదు. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే 2019 దాకా ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఆ ఏడాది చివర్లో వచ్చిన సవరణతో అది రెండేళ్ల నుంచి ఐదేళ్లయింది. జరిమానా అదనం.

ఇందులో విచారకరమైన సంగతేమిటంటే, ఇలా ఇరుక్కునేవాళ్లలో దొంగలూ గూండాలూ తక్కువే ఉంటారనుకోవచ్చు. వాళ్లు తాతగారి గ్రీనర్‌ని దుప్పట్లో చుట్టి దాచుకోరు. ఇరుక్కునేది ఠాణా మెట్లెక్కని మర్యాదస్తులే. పంజగుట్ట ఠాణా 2017 సంవత్సరానికి కేంద్ర హోంశాఖ ఇచ్చిన ర్యాంకుల్లో దేశంలోనే రెండో స్థానంలో నిలిచింది. అయినా ఠాణా ఠాణాయే అనుకునే తల్లులకు ఏం చెప్పగలం? డిపాజిట్ చేయడమంటే తప్పు ఒప్పుకోవడం అనుకుంటారు. కాదు. అది చట్టం వారసులకిచ్చిన దారి. తుపాకి వాళ్లదే. ఠాణాది కాపలా మాత్రమే. చేతిలో రసీదుంటుంది.

అలాగని సంచిలో వేసుకుని ఆటో ఎక్కకూడదు. ముందు ఠాణాకు ఫోన్ చేసి, ఫలానా ఇంట్లో ఫలానా ఆయన పోయారు, లైసెన్సు పుస్తకం ఉంది, తుపాకి అప్పగించాలనుకుంటున్నాం అని చెప్పి, వాళ్లు చెప్పినట్టు చేయడం మేలు. లోపల తూటా ఉందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, చూద్దామని అసలు ముట్టుకోకూడదు. ముప్పై ఏళ్లు పేలని తుపాకి ఇక పేలదన్న ధీమా చాలా ప్రమాదం. పాత ఇంగ్లిషు తుపాకుల్లో మెలికలు తిప్పిన ఇనుముతో చేసిన డమాస్కస్ గొట్టాలుంటాయి. చూడ్డానికి పట్టుచీర నేతలా ముచ్చటగా ఉంటాయి. అవి నల్లమందు కాలానికి చేసినవి. ఈనాటి తూటా పెట్టి పేలిస్తే గొట్టమే చీలిపోయి, ముందున్నవాడి కంటే పేల్చినవాడికే ముప్పు. బ్యాంకు లాకర్లో పెట్టేస్తే సరి అనుకునేవాళ్లూ ఉన్నారు. లాకరు ఒప్పందాల్లో ఆయుధాలు పెట్టకూడదని ఉంటుంది, ఓసారి చదువుకోండి.

ఆ తర్వాత? ఉంచుకోవాలనుకుంటే వారసుడో వారసురాలో సొంతంగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. నగరంలో అయితే లైసెన్సిచ్చేది పోలీస్ కమిషనర్. జిల్లాల్లో కలెక్టర్. తండ్రి లైసెన్సు కరీంనగర్ కలెక్టరు ఇచ్చింది కావచ్చు, ఏలూరు కలెక్టరు ఇచ్చింది కావచ్చు. మకాం మారినప్పుడే ఇక్కడ తెలియజేసి ఉంటే పని సులువు. లేకుంటే రెండు చోట్లా ఫైళ్లు కదలాలి. మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. మీసేవలో పెట్టుకుంటే తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. తుపాకి జాగ్రత్తగా వాడటంలో శిక్షణ తీసుకున్నట్టు కాగితం కావాలి. మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. కథలు అడ్డం తిరిగేది ఇదిగో, ఇక్కడే. ఇరవై ఏళ్లు దుమ్ము పట్టిపోయినా పట్టించుకోని తుపాకి మీద, సంతకం పెట్టమనగానే అందరికీ మమకారం పుట్టుకొస్తుంది. పొలం వాటాలో మాట తేడా వచ్చిన తమ్ముడు ఈ సంతకం దగ్గర బిగుసుకుంటాడు.

ఆడపిల్ల సంగతేమిటని ఎవరైనా అడిగితే, చట్టానికి కొడుకైనా కూతురైనా ఒకటే. మన ఊహలోని ఇంట్లో డల్లాస్ అన్నయ్య కంటే అమీర్‌పేట చెల్లెలికే దారి సులువు. అన్నయ్య ఉన్న దేశంలో తాత షాట్‌గన్ మనవడికి రావడం గోడగడియారం వచ్చినంత మామూలు. రాష్ట్రం దాటించి తుపాకి ఇవ్వడానికి అక్కడ బోలెడు నిబంధనలున్నా, వారసత్వంగా వచ్చినదానికి ఫెడరల్ చట్టమే మినహాయింపు ఇచ్చింది. అందుకే ఇక్కడి చిక్కు అన్నయ్యకు ఫోన్‌లో అర్థం కాదు. 'దానికింత హడావుడా' అంటాడు.

ఈ గొడవంతా తగ్గించే దారి ఒకటుంది. అది తండ్రి బతికుండగా చేయాల్సిన పని. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకి తీసుకుని పాతికేళ్లయినా, ఏది ముందైతే అది, తన వారసుల్లో ఒకరి పేర అది మార్చమని అడగవచ్చని 2016 ఆయుధాల నిబంధనలు చెబుతున్నాయి. తండ్రే ఎదురుగా కూర్చుని ఫలానా బిడ్డకు అని చెప్పాక తమ్ముళ్ల మమకారాలు పెరగవు. అయితే అడిగేదెవరు? "బాపూ, నీ తర్వాత తుపాకి ఎవరికి?" అని కొడుకు నోరు తెరిస్తే, నా చావు కోసం చూస్తున్నావా అని పెద్దాయన ముఖం తిప్పుకుంటారు. వీలునామా మాటకే ఒప్పుకోని ఇళ్లు మనవి. పెద్దాయనే చొరవ తీసుకుంటే తప్ప ఇది కదలదు. ఈ ముక్క చదివే డెబ్బై దాటిన తాతయ్యలెవరైనా ఉంటే, రేపు పొద్దున కాఫీ తాగుతూ ఆ మాటేదో మీరే ఎత్తండి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఒకప్పుడు ఒక మనిషి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. 2019 సవరణ బిల్లు దాన్ని ఒకటికి కుదించబోయింది. వ్యతిరేకత రావడంతో చివరికి రెండు దగ్గర ఆగింది. వారసత్వంగా వచ్చినా సరే, రెండు దాటడానికి వీల్లేదు. మూడున్నవాళ్లు 2020 డిసెంబరు 13లోగా ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. కరోనా ఏడాది, బయట అడుగు పెట్టాలంటేనే భయం. అందులో మామగారిదా, తాతగారిదా, సొంతంగా కొన్నదా, ఏది వదలాలో తేల్చుకోవాలి. మామగారిది వదిలేద్దామన్న ఇంట్లో ఆ రాత్రి వంట ఎలా కుదిరిందో ఊహించుకోవచ్చు.

తుపాకి ఏ రకమో కూడా చూసుకోవాలి. తాత పట్టాళంలో చేసి ఉంటే ఆ మూటలో త్రీనాట్‌త్రీ రైఫిల్ బయటపడవచ్చు. అది నిషిద్ధ బోరు. దాని లైసెన్సు వ్యవహారం కమిషనర్ చేతిలో లేదు, ఢిల్లీలో కేంద్ర హోంశాఖ దాకా వెళ్లాల్సిందే. ఇంకోవైపు, ముత్తాత కాలం నాటి బర్మార్ తుపాకి తుప్పు పట్టి గోడకు వేలాడుతుంటే దానికి లైసెన్సెందుకు అని అడుగుతారు. పాతకాలపు ఆయుధాలకు చట్టం మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ చిన్న షరతు పెట్టింది. రిపేరు చేసినా సరే పేల్చడానికి పనికిరానిదై ఉండాలి. తుప్పు ఒక్కటే చాలదు. కమ్మరి చేతిలో మళ్లీ బతికేదయితే అది తుపాకి కిందే లెక్క. ఆ లెక్క తేల్చాల్సింది ఇంటి యజమాని కాదు.

తుపాకి వంశానికే చెందుతుందని సర్కారు ఒప్పుకున్న చోటు మన దేశంలో లేకపోలేదు. కర్ణాటకలోని కొడగు. కొడవలకు, జమ్మా భూములున్న కుటుంబాలకు కొన్ని రకాల తుపాకులకు లైసెన్సు అక్కర్లేదు. బ్రిటిషువారి కాలం నుంచి ఉన్న ఈ మినహాయింపును కేంద్రం 2019లో మరో పదేళ్లు, అంటే 2029 అక్టోబరు 31 దాకా పొడిగించింది. కొడుకు పుడితే ఆకాశంలోకి ఒక తూటా, ఇంట్లో ఎవరైనా పోతే రెండు. పుట్టుకా చావూ ఊరికి తెలిసేది తుపాకి చప్పుడుతోనే. కైల్‌పోల్దు పండగనాడు దానికి పూలు పెట్టి పూజ చేస్తారు. మన దసరా పూజకు దగ్గరి చుట్టమే. తేడా ఏమిటంటే అక్కడ తుపాకి ఇంకా బతుకులో భాగం. పంజగుట్టలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో దానికి చేయడానికి పనేమీ లేదు. సెలవులకు వచ్చిన మనవడు కుర్చీ వేసుకుని బీరువా పైన ఏముందో వెతకడం తప్ప.

అందుకే వదులుకోవాలనుకునే కుటుంబాలే ఎక్కువ ఉండాలనిపిస్తుంది. వాళ్లకూ దారి ఉంది. డిపాజిట్ చేసిన తుపాకిని గడువులోగా లైసెన్సున్న మరొకరికో, డీలరుకో అమ్మవచ్చు. ఆ డబ్బు వారసులదే. 1980ల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు మూసేశాక పాత ఇంగ్లిషు తుపాకులకు గిరాకీ ఉంది కాబట్టి, ఉత్త ఇనుప సామాను అనుకుని తొందరపడటం కూడా మంచిది కాదు. గడువు దాటినా ఎవరూ రాకపోతే నోటీసిచ్చి సర్కారు స్వాధీనం చేసుకుంటుంది. గుర్తు కోసమే అయితే తాతయ్య దాన్ని భుజాన వేసుకుని దిగిన ఫొటో ఉంటుంది కదా. దాన్ని హాల్లో పెట్టుకోవడానికి ఏ కమిషనరూ అక్కర్లేదు.

ఇవన్నీ దాటుకుని, అఫిడవిట్లు పుచ్చుకుని, శిక్షణ పూర్తిచేసి, కొత్త లైసెన్సు సంపాదించిన వారసులకు మొదటి కబురు సాధారణంగా ఎన్నికల వేళ వస్తుంది. అమీర్‌పేట సనత్‌నగర్ నియోజకవర్గంలో ఉంది, పంజగుట్ట ఖైరతాబాద్‌లో. అసెంబ్లీకైనా పార్లమెంటుకైనా నోటిఫికేషన్ రాగానే లైసెన్సు తుపాకులు ఠాణాలో డిపాజిట్ చేయమని ఉత్తర్వులొస్తాయి. బ్యాంకు గార్డులకు, పోటీల్లో పాల్గొనే షూటర్లకు మినహాయింపు ఉంటుంది. మిగతావాళ్లు తుపాకి ఇచ్చి, రసీదు తీసుకుని, ఫలితాలొచ్చి కోడ్ ఎత్తేశాక మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి. ఆ రసీదులన్నీ బాపు ఏ డబ్బాలో దాచేవారో వెతికితే, పాత ఎన్నికలవన్నీ వరసగా అందులోనే దొరుకుతాయి.